పోపుల పెట్టె - ప్లీడరీ పరీక్ష

బారిష్టరు అన్న మాట ఎంత గంభీరంగా ఉంటుందో చూడండి. వినగానే నల్లకోటు, దిండంత పుస్తకాలు, అర్ధరాత్రి దాటినా ఆరని దీపం కళ్ళకు కడతాయి. తీరా ఆ చదువు చరిత్ర విప్పి చూస్తే మొట్టమొదట మనకు ఎదురయ్యేది భోజనాల బల్ల!

లండన్‌లో బారిష్టర్లను తయారుచేసే సంస్థలు నాలుగున్నాయి. లింకన్స్ ఇన్, గ్రేస్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్. వందల ఏళ్ళ నుంచీ ఉన్నవే. వీటిలో చేరిన కుర్రాడు లెక్క ప్రకారం ఇన్ని టర్ములు, టర్ముకు ఇన్ని భోజనాలు అక్కడి హాల్లో అందరితో కలిసి చెయ్యాలి. 1872 వరకూ తప్పనిసరి పరీక్షంటూ లేనే లేదు. భోజనాలు పూర్తిచేసి, పెద్దల దయ సంపాదిస్తే బారిష్టరు అయిపోయినట్టే. ఈ పద్ధతే మనకూ ఉండివుంటే, పెళ్ళి బంతుల్లో మా బాబాయి చూపించిన ప్రతిభకు ఈపాటికి సుప్రీంకోర్టులో ఉండేవాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, ఆ భోజనాలకు మొదట్లో ఒక అర్థం ఉండేది. పదిహేను, పదహారు శతాబ్దాల మాట. పుస్తకాలు అపురూపం. అందుకని భోజనాలయ్యాక పెద్ద ప్లీడరొకాయన ఒక చిక్కు తగవు కల్పించి చెప్పేవాడు. ఫలానావాడు పొలం అమ్మాడు, కొన్నవాడు చనిపోయాడు, కొడుకు చిన్నవాడు, ఇప్పుడు పొలం ఎవరిది? ఈ తరహాలో. కుర్రాళ్ళు రెండు పక్షాలుగా చీలి లేచి నిలబడి వాదించాలి. తప్పు మాట్లాడితే అందరి ముందూ దులిపేసేవారు. చదువంతా నోటితోనూ చెవితోనూ జరిగేదన్నమాట. 1642లో ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. ఈ వాదాలు, పాఠాలు అన్నీ అటకెక్కాయి. యుద్ధం అయిపోయాక కూడా అవి మునుపటిలా నిలదొక్కుకోలేదు. భోజనాలు మాత్రం నిలిచాయి. గింజ పోయి పొట్టు మిగలడమంటే ఇదే.

1872లో పరీక్షలు తప్పనిసరి చేశాక కథ ఎలా మారిందో మన గాంధీగారే ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆయన 1888లో లండన్ వెళ్ళి ఇన్నర్ టెంపుల్‌లో చేరారు. పరీక్షలు రెండు. ఒకటి రోమన్ లా, రెండోది ఇంగ్లండు చట్టాలు. తోటివాళ్ళు ఎలా చదివేవారయ్యా అంటే, మొదటిదానికి రెండు వారాలు నోట్సు తిరగేసేవారట. రెండోదానికి రెండు మూడు నెలలు. ప్రశ్నలు తేలిక, దిద్దేవాళ్ళు దయామయులు. నూటికి తొంభై అయిదుమంది పైగా మొదటిదాంట్లో గట్టెక్కేవారట.

గాంధీగారికి మాత్రం మనస్సు ఒప్పలేదు. డబ్బుపోసి కొన్న పుస్తకాలు చదవకపోవడం మోసమనిపించింది ఆయనకు. రోమన్ లా లాటిన్‌లోనే చదివారు. ఇంగ్లండు చట్టాల లావుపాటి పుస్తకాలతో తొమ్మిది నెలలు కుస్తీ పట్టారు. 1891 జూన్ 10న బారిష్టరు అయ్యారు. 11న హైకోర్టులో పేరు నమోదు చేయించుకున్నారు. 12న ఓడెక్కారు.

ఇంత నిజాయితీగా చదివిన మనిషి బొంబాయి వచ్చి, చిన్న కోర్టులో ముప్ఫయి రూపాయల ఫీజుకు ఒకావిడ తరఫున నిలబడితే ఏమైందో తెలుసా? సాక్షిని ప్రశ్నలు అడగాలి. తల తిరిగింది. నోరు పెగల్లేదు. కూర్చుండిపోయి, ఫీజు తిరిగిచ్చేసి, వేరే ప్లీడరును పెట్టుకొమ్మని చెప్పి వచ్చేశారు.

నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా ఆ భోజనాల హాలే గుర్తొస్తుంది. చదవడంలో లోపం ఏమీ లేదు. చదివినది నోటితో పైకి తీసే అలవాటే లేకపోయింది. వందల ఏళ్ళ కిందటి కుర్రాళ్ళను అన్నం తిన్నాక లేపి నిలబెట్టి వాదించమనేవారు చూశారా, ఆ ఒక్కటీ ఈయన చదువులో లేదు. 1893లో దక్షిణాఫ్రికా వెళ్ళి ఒక వ్యాపారుల దావాలో దిగాకనే ఆయనకు అసలు పట్టు దొరికింది. అది లెక్కల తగవు. జమాఖర్చులు రావు కాబట్టి పుస్తకం కొనుక్కుని జమాఖర్చులు నేర్చుకున్నారు. కాగితాలన్నీ తిరగేసి, కక్షిదారు చెప్పిందంతా విని, ఉన్న సంగతి ఏమిటో గట్టిగా పట్టుకుంటే చట్టం దానంతటదే వెంట వస్తుందని అక్కడ తెలుసుకున్నారు.

అమెరికాలో అబ్రహాం లింకన్‌కు కాలేజీ గడప తొక్కే యోగమే లేదు. పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా చదివి 1836లో ప్లీడరీ అనుమతి సంపాదించాడు. ఆయనకొక అలవాటుండేదట. ఏది చదివినా బిగ్గరగా చదివేవాడు. ఆఫీసులో భాగస్వామిగా ఉన్న హెర్న్‌డన్‌కు అది ప్రాణసంకటంగా ఉండేది. ఎందుకయ్యా ఈ గోల అంటే, కన్ను చూస్తుంది, చెవి వింటుంది, రెండు వైపులా పట్టుకుంటే మరిచిపోనని ఆయన సమాధానం. మన బామ్మలు పిల్లల్ని "పైకి చదవరా, వినపడాలి" అని గదమాయించింది ఇందుకే కాబోలు.

ఇవన్నీ పెద్దవాళ్ళ చాదస్తాలు అనుకోకండి. జ్ఞాపకశక్తి మీద శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి మరీ చూశారు. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రకటించాడు. అర్థంలేని అక్షరాల వరసలు కంఠతా పట్టడం, ఎంతకాలానికి మరిచిపోతున్నాడో చూసుకోవడం. ఒకే పూట అరవై ఎనిమిదిసార్లు వల్లిస్తే ఎంత లాభమో, మూడు రోజుల్లో సర్దుకుని ముప్ఫయి ఎనిమిదిసార్లు వల్లించినా అంతే లాభమని తేల్చాడు. అంటే పరీక్ష ముందు రోజు రాత్రి కాఫీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని చేసే తపస్సులో దాదాపు సగం దండగ.

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇంకో తమాషా చూపించారు. కొంతమంది విద్యార్థులచేత ఒక పాఠం మళ్ళీ మళ్ళీ చదివించారు. కొంతమందిని ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత రాయమన్నారు. అయిదు నిమిషాలయ్యాక పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే నెగ్గారు. వారం తరువాత పెడితే పుస్తకం మూసి రాసినవాళ్ళు వాళ్ళను దాటిపోయారు! చదివేటప్పుడు అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పుస్తకం మూస్తేగాని వచ్చిందో లేదో తెలియదు. ఇది మనకు కొత్తా? పక్కన కూర్చుని వంద సార్లు చూసినా చేగోడీ చుట్టడం రాదు. మన చేతికి పిండి అంటాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మగవాళ్ళు విందులు చేస్తూ, నోట్సులు తిరగేస్తూ పట్టాలు పుచ్చుకుంటున్న ఆ రోజుల్లో ఆడవాళ్ళ పరిస్థితి ఏమిటి? ఎలా చదవాలన్న ప్రశ్న వాళ్ళదాకా రానే లేదు. పరీక్ష హాల్లోకి రానిస్తారా అన్నదే ప్రశ్న.

కార్నీలియా సొరాబ్జీ పేరు వినే ఉంటారు. 1866లో నాసిక్‌లో పుట్టారు. చిన్నతనంలో వాళ్ళ అమ్మగారి దగ్గరికి ఒకావిడ బండిలో వచ్చిందట. ఆస్తిపరురాలు. గోషా దాటి మగవాళ్ళతో మాట్లాడే వీలు లేదు. వ్యవహారాలు చూసేవాడు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని ఆస్తి కాజేశాడు. ఆవిడ ఏడుపు చూసి ఈ పిల్ల అడిగితే, ఇలాంటివాళ్ళకు సాయం చెయ్యాలంటే నువ్వు లా చదవాలమ్మా అంది తల్లి. ఆ మాటే ఆవిడ జీవితం అయింది.

1889లో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. లా చదవడానికి అక్కడ అడుగుపెట్టిన మొదటి ఆడది ఈవిడే. అంతవరకూ స్త్రీలను రానివ్వని లైబ్రరీలో ఈవిడకోసం ప్రత్యేకంగా చోటిచ్చారు. 1892లో బి.సి.ఎల్. పరీక్ష దగ్గరపడ్డాక, ఆడమనిషి పేపరు నేను దిద్దనని పరీక్షాధికారి మొరాయించాడు. విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా ఉత్తర్వు వేసి కూర్చోనిచ్చింది. అంత ఆందోళన మధ్య రాసి మూడో తరగతిలో ప్యాసయ్యారు. మరి పట్టా? అది చేతికి రావడానికి ముప్ఫయి ఏళ్ళు పట్టింది. 1922లో ఇచ్చారు!

అంతటితో ఆగిందా అంటే లేదు. ఇండియాకు వచ్చి 1897లో బొంబాయి ఎల్.ఎల్.బి. ప్యాసయ్యారు. 1899లో అలహాబాద్ హైకోర్టు ప్లీడరు పరీక్ష ప్యాసయ్యారు. అయినా కోర్టులో పేరు రాసుకోలేదు. ఒకే మనిషి మూడు పరీక్షలు నెగ్గి, మూడుసార్లూ గుమ్మం బయటే నిలబడింది. ఆవిడొక్కరే కాదు. 1916లో కలకత్తా హైకోర్టు రెజీనా గుహకు, 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాలా హజ్రాకు ఇదే జవాబు చెప్పాయి. చదువుంది, పట్టా ఉంది, కాని ఆడది కాబట్టి వీల్లేదు. చివరికి 1923లో ప్రత్యేకంగా ఒక చట్టం చేస్తేగాని దేశంలో ఆడవాళ్ళకు ఈ వృత్తి తలుపులు పూర్తిగా తెరుచుకోలేదు.

ఈలోగా సొరాబ్జీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1904 నుంచీ బెంగాలు ప్రభుత్వంలో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ తరఫున గోషా స్త్రీల ఆస్తి వ్యవహారాలు చూశారు. పల్లకీల్లో, పడవల్లో, ఏనుగుల మీద కూడా ప్రయాణాలు చేసి, తెర వెనకాల కూర్చున్న జమీందారిణులకు వాళ్ళ హక్కులేమిటో చెప్పేవారు. ఆలోచించండి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన రోమన్ లా, హిందూ ధర్మశాస్త్రం, ఆస్తి చట్టం అన్నీ అక్షరం రాని ఒక వితంతువుకు అర్థమయ్యే నాలుగు మాటల్లోకి దించాలి. ఆ పరీక్షకు గైడు లేదు, నోట్సు లేదు. దాంట్లో తప్పితే పోయేది మార్కులు కాదు, ఒకావిడ ఇల్లు.

మన తెలుగువాళ్ళలో దుర్గాబాయమ్మగారి కథ కూడా ఈ దారిదే. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. అక్కడ హత్యానేరాల మీద శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్ళను చూశారు. వాళ్ళలో కొందరికి తమ మీద మోపిన నేరం ఏమిటో, కోర్టులో తాము ఏం చెప్పుకోవచ్చునో కూడా తెలియదు. లా చదవాలన్న కోరిక అక్కడ పుట్టింది. కాని చేతిలో మెట్రిక్కే లేదే! జైలు నుంచి వచ్చాక కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్కు ప్రైవేటుగా కట్టారు. ఆ తరువాత బి.ఏ., ఎం.ఏ., చివరికి మద్రాసులో లా. రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్నారు.

ఆవిడ విశేషమేమంటే, తాను చదివిన దారి వెంటనే పదిమందికి చూపించడం. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, మధ్యలో చదువాగిపోయిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి పరీక్షకు తయారుచేయించారు. స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు 1958లో దేశమంతటా ఇలాంటి స్త్రీలకోసం సంక్షిప్త కోర్సులు మొదలయ్యాయి. ఇంకొకరికి చెప్పడం కోసం చదివినవాడికి పాఠం రెండింతలు వస్తుందని పంతుళ్ళందరికీ తెలుసు. మన రాష్ట్రంలో 1978లో అమరేశ్వరిగారు హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తిగా కూర్చున్నారంటే, ఆ కుర్చీ దాకా దారి వేసినవాళ్ళు ఇలాంటివాళ్ళే.

మా ఆడపడుచు కూతురు లా చదివింది. ఇప్పుడు పట్టా ఒక్కటీ చాలదు. 2011 నుంచీ బార్ కౌన్సిల్ వారి అఖిల భారత పరీక్ష కూడా ప్యాసవ్వాలి. వంద ప్రశ్నలు. మొదట్లో పుస్తకాలు తీసుకువెళ్ళనిచ్చేవారు. తరువాత ఏ నోట్సూ లేని ఉత్త చట్టం పుస్తకాలకు మాత్రమే ఒప్పుకున్నారు. "పుస్తకం చేతిలో ఉంటే ఇంకేం కష్టమే?" అన్నాను. "పుస్తకంలో ఎక్కడుందో తెలియాలిగా అత్తయ్యా" అంది. నిజమే. పోపుల పెట్టె అందరిళ్ళల్లోనూ ఉంటుంది. నూనె కాగాక ఆవాలెక్కడున్నాయో వెతుక్కునేవాళ్ళ పోపు మాడక మానదు.

పాపం, ఆ పిల్లకు ఇంకో చిక్కొచ్చిపడింది. కాలేజీలో కష్టపడి సెక్షన్ల అంకెలు బట్టీ పట్టింది. 2024 జూలై 1 నుంచీ పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 1860 నాటి చట్టంలో 511 సెక్షన్లుంటే కొత్తదాంట్లో 358. హత్యకు శిక్ష 302 కాస్తా 103 అయింది. మోసగాణ్ణి మనమంతా ఫోర్ ట్వంటీ అంటామా, ఆ 420 ఇప్పుడు 318లో ఇమిడిపోయింది. భర్త, అత్తింటివాళ్ళు పెట్టే హింసకు 498ఏ బదులు 85. అంకెలు కంఠతా పట్టినవాళ్ళు మళ్ళీ మొదటికొచ్చారు. నేరమంటే ఏమిటో అర్థం చేసుకున్నవాళ్ళు అంకెలు మార్చుకున్నారంతే.

ఒక్కొక్క నేరానికీ దినుసులుంటాయట. నిజంగానే లా పుస్తకాల్లో దినుసులన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటే వాడతారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగాను. "పక్కింటావిడ మన డాబా మీద వడియాలు చెప్పకుండా పట్టుకుపోతే దొంగతనమేనా?" అది వేళ్ళు మడిచింది. కదిలే వస్తువు, అవును. మన స్వాధీనంలో ఉన్నది, అవును. మన అనుమతి లేదు, అవును. అక్కడినుంచి కదిపింది, అవును. దురుద్దేశం? "వాన పడుతోందని లోపల పెట్టడానికి తీసుకెళ్ళిందేమో!" అంతే, ఆ ఒక్క దినుసు లేకపోతే దొంగతనం లేదు.

వరకట్న మరణం సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ నవ్వు పోయింది. పాతది 304బీ, ఇప్పుడు 80. పెళ్ళయిన ఏడేళ్ళలోపు, కాలిన గాయాల వల్లనో మరో అసహజ కారణం వల్లనో చావు, దానికి కొద్ది ముందు కట్నం కోసం వేధింపు. ఈ మూడూ ఉంటే చట్టం భర్తనూ అత్తింటివారినీ ఆ చావుకు కారకులుగా ఎంచుతుంది. చెప్పడం అయ్యాక అది కాసేపు మాట్లాడలేదు. ఆ సెక్షన్ దానికి ఇక ఎప్పటికీ మరపురాదని నాకు తెలిసిపోయింది.

అప్పటినుంచీ దాని చదువు పద్ధతి ఒక దారిన పడింది. ముందు ఉత్త చట్టం చదువుతుంది. పుస్తకం మూసి దినుసులు రాస్తుంది. మర్నాడు కొత్తది చదివేముందు నిన్నటిది ఒకసారి, వారానికి ఇంకొకసారి. ఆదివారం గడియారం ఎదురుగా పెట్టుకుని పాత ప్రశ్నపత్రం. తప్పులన్నీ ఒక చిన్న పుస్తకంలో. సాయంత్రం నాకు చెప్పడం. నాకు లా రాదు కాబట్టే నేను పనికొచ్చాను. ప్లీడర్ల భాషలో తప్పించుకోవడానికి లేదు. "అంటే ఏమిటే?" అని నేను అడిగిన ప్రతిసారీ దానికి రాని చోటు బయటపడేది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పరీక్షకు చదివే కోడలో, కూతురో, లేకపోతే పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ పుస్తకం పట్టుకున్న మీరో ఉండవచ్చు. గైడ్లు కొనండి, కాదనను. కాని పూటకొక్కసారి పుస్తకం మూయించి, ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టండి. నోట్సు తిరగేసినా పరీక్ష ప్యాసవ్వవచ్చునేమో. రేపు ఏ తెర చాటునుంచో ఒకావిడ, ఈ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టవచ్చునామ్మా అని అడిగితే మాత్రం, జవాబు నోటికి రావాలి. అదీ ఆవిడకు అర్థమయ్యే మాటల్లో రావాలి.